అలారం మోగితే ఏం చేయాలో ముందే రాసిపెట్టండి

స్కాడాలో, అంటే ప్లాంట్‌ని స్క్రీన్ మీద చూస్తూ నడిపే కంప్యూటర్ సిస్టమ్‌లో, అలారం పెట్టడం రెండు నిమిషాల పని. అది మోగినప్పుడు స్క్రీన్ ముందున్న మనిషి ఏం చేయాలో తేల్చడానికే టైమ్ పడుతుంది, పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లలో నైట్ షిఫ్టులు చేసినవాడిగా చెబుతున్నా, చాలామంది ఆ పని వదిలేస్తారు. అక్నాలెడ్జ్ ("చూశాను" అనే బటన్) కొడితే మోత ఆగుతుంది గానీ రియాక్టర్‌లో వేడి అలాగే ఉంటుంది.

అందుకే ముందు కాగితం తీసుకోండి. ఒక్కో అలారానికి రాయండి: ఎందుకు వస్తుంది, పట్టించుకోకపోతే ఏమవుతుంది, ఆపరేటర్ ఏం చేయాలి, చేతిలో ఎంత టైమ్ ఉంది. "ఏం చేయాలి" దగ్గర ఏమీ రాయలేకపోతే అది అలారం కాదు, ఈవెంట్ లాగ్‌లోకి (మోగకుండా నమోదు మాత్రమే అయ్యే లిస్టులోకి) పంపేయండి. అలారాల నిర్వహణ మీద ఉన్న ఐఎస్ఏ 18.2 స్టాండర్డ్ చెప్పేదీ ఇదే. 1994లో బ్రిటన్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చి పడ్డాయి, అన్నింట్లో ఏది ముఖ్యమో ఎవరు మాత్రం పట్టుకోగలరు?

ఇప్పుడు మెసేజ్. "టీఐ 104 హై" (104 నంబర్ టెంపరేచర్ మీటర్ రీడింగ్ ఎక్కువైంది) అని వదిలేయకండి. అడిషన్ (రియాక్టర్‌లోకి కెమికల్ కలపడం) జరుగుతుండగా మాస్ (లోపలి మిశ్రమం) టెంపరేచర్ పెరిగిందనుకోండి, ఇలా పెట్టండి: "అడిషన్ ఆపండి. బ్రైన్ వాల్వ్ తెరిచి ఉందో చూడండి. 5 నిమిషాల్లో తగ్గకపోతే షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి చెప్పండి." బ్రైన్ అంటే రియాక్టర్‌ని చల్లబరిచే ఉప్పునీళ్లు. ఆ 5 నిమిషాలు మీ ప్రాసెస్‌ని బట్టి మారతాయి, ప్రాసెస్ వాళ్లని అడక్కుండా వేయొద్దు. సాఫ్ట్‌వేర్ తెలుగు చూపిస్తే తెలుగులోనే రాయండి, రణస్థలం, లావేరు నుంచి వచ్చే కుర్రాళ్లు టెన్షన్‌లో ఉన్నప్పుడు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవాల్సిన అవసరం ఏముంది? అలారం మీద నొక్కగానే నేరుగా ఆ రియాక్టర్ స్క్రీనే తెరుచుకునేలా లింక్ ఇవ్వండి.

డిలే (రీడింగ్ లిమిట్ దాటి కాసేపు అలాగే ఉంటేనే మోగడం), డెడ్‌బ్యాండ్ (రీడింగ్ లిమిట్ నుంచి కొంత వెనక్కి వస్తేనే అలారం పోవడం) తప్పకుండా పెట్టండి, లేకపోతే లిమిట్ దగ్గర ఊగే రీడింగ్ రాత్రంతా మోగిస్తూనే ఉంటుంది. మొదలుపెట్టడానికి డిలే ఫ్లో, ప్రెషర్‌కి 15 సెకన్లు, లెవెల్, టెంపరేచర్‌కి 60 సెకన్లు అంటారు. స్పందించడానికే టైమ్ తక్కువున్న చోట మాత్రం ఈ అంకెలు వాడకండి.

"అన్నీ అక్నాలెడ్జ్" బటన్ తీసేయండి, ఎవరు ఎంత అడిగినా సరే. షెల్వ్ చేసే (అలారాన్ని కొంతసేపు మోగకుండా పక్కన పెట్టే) హక్కు ఆపరేటర్‌కి ఇస్తే గడువు పెట్టండి, కారణం టైప్ చేయకుండా షెల్వ్ కాకూడదు, అత్యవసర అలారాలకు అసలు ఆ బటనే కనపడకూడదు. లిమిట్ మార్చడం ఇంజనీర్ లాగిన్‌లోనే ఉండాలి.

చివరగా, బ్యాచ్ లేనప్పుడు సిగ్నల్ సిమ్యులేట్ చేసి, నైట్ షిఫ్ట్ ఆపరేటర్‌ని కూర్చోబెట్టి మీరు మాట్లాడకుండా చూడండి. మెసేజ్ చదివాక కూడా మీ మొహం వైపు చూశాడంటే మెసేజ్ మళ్లీ రాయండి. షెల్వ్‌లో ఉన్న అలారాల లిస్టు ప్రతి షిఫ్ట్ హ్యాండోవర్‌లో పైకి చదివించి, రిజిస్టర్‌లో ఇద్దరి చేతా సంతకం పెట్టించండి.