ముందు ఫైల్ నంబర్ అడగండి

హనుమకొండలో నాకు జిరాక్స్ షాపు ఉంది. ఆఫీసులకు పోయేవాళ్లు కాగితాలతో ముందు నా దగ్గరికే వస్తారు. పని కానివాళ్లు మళ్లీ ఇక్కడే కూర్చుని తిట్టుకుంటారు. 12 ఏళ్లుగా వింటున్నా, లంచం కథ ఎక్కువగా "కాగితాలు ఇక్కడ పెట్టి పోండి" అన్న మాట దగ్గరే మొదలవుతుంది.

అట్లా పెట్టి రావద్దు. మీసేవలో పెడితే రసీదు దాచుకోండి. చేతికే ఇవ్వాల్సి వస్తే రెండు సెట్లు తీయించి, మీ దగ్గర ఉండే సెట్టు మీద ఇన్‌వార్డులో (ఆఫీసుకొచ్చే కాగితాలు తీసుకునే చోట) స్టాంపు, తేదీ, నంబర్ వేయించుకోండి. (నా గిరాకీ కోసం చెప్తున్నా అనుకుంటే అనుకోండి.)

నేనే ఒకసారి నంబర్ అడగలేదు. నాన్న ఇల్లు నా పేరు మీదికి మార్చే ఫైల్ నాలుగు నెలలు "పైన సార్ దగ్గరుంది". చివరికి చాయ్ బండి దగ్గర ఒకతను, ఉద్యోగి కూడా కాదు, "మూడు వేలు చూస్కో అన్నా, రేపే అయిపోతది" అన్నాడు. ఇంటికొచ్చి సమాచార హక్కు దరఖాస్తు రాశా. "ఎందుకు ఆలస్యం" అని రాస్తే డొంకతిరుగుడు జవాబొస్తుంది. నేను అడిగింది ఒక్కటే: ఫైల్ ఏ తేదీన ఎవరి దగ్గరికి పోయింది, అక్కడ ఎన్ని రోజులుంది. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. 22వ రోజు ఆఫీసు నుంచే ఫోన్ చేసి రమ్మన్నారు.

ఇల్లు కట్టేవాళ్లయితే రూల్ తెలుసుకుని పోండి. తెలంగాణ పట్టణాల్లో ఇళ్ల పర్మిషన్ల కోసం తెచ్చిన 2020 నాటి బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగలో చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు.

నేరుగా డబ్బే అడిగితే గొడవ పడకండి. "రెండు రోజులు టైమివ్వండి సార్" అని బయటికొచ్చి, అన్న మాటలు, తేదీ, టైమ్ వెంటనే రాసుకోండి. రికార్డింగ్ ఉంటే కట్ చేయకండి, వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టకండి, డబ్బు అడిగినవాళ్లు జాగ్రత్త పడతారు. తర్వాత ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) టోల్ ఫ్రీ 1064కు ఫోన్ చేయండి. వాళ్లు విచారించుకుని, రాతపూర్వకంగా ఫిర్యాదు తీసుకుంటారు. ట్రాప్ వేస్తే, అంటే లంచం తీసుకుంటుండగా పట్టుకోవాలనుకుంటే, మీరిచ్చే నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, కంటికి కనిపించదు. ఆ నోట్లు పట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. మీరు తొందరపడి ఆ అధికారి జేబులో కుక్కొద్దు, అతను అడిగాకే ఇవ్వాలి.

తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది. అది ముందే ఇంట్లో మాట్లాడుకోండి, టెన్షన్ తగ్గుతుంది.

భయపడి ఇప్పటికే ఇచ్చేశారా? అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చామని ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పినవాళ్లకు మినహాయింపు ఉంది. నిన్న ఇచ్చి ఉంటే ఇవాళే పోండి.