మెట్ మ్యూజియం ఫెలోషిప్: మధ్యయుగ శిల్పం మీద పనిచేయాలంటే దరఖాస్తు ఇలా

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఏటా కళాచరిత్రలోనూ, కన్జర్వేషన్‌లోనూ (పాత కళాఖండాల పరిరక్షణ) ఫెలోషిప్‌లు ఇస్తుంది. అక్కడి మధ్యయుగ యూరప్ శిల్పాలు కొన్ని ప్రధాన భవనంలో, కొన్ని 1938లో తెరిచిన దాని శాఖ క్లోయిస్టర్స్‌లో ఉన్నాయి. మనవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు. అంతా ఆన్‌లైన్‌లోనే, ఇంగ్లిష్‌లోనే.

రెండు విభాగాలకూ గడువులు వేరు కాబట్టి ముందు ఏ విభాగంలో పెట్టాలో తేల్చుకోండి. కన్జర్వేషన్‌కైతే ఆ శిక్షణలో ఇప్పటికే బాగా ముందుకు వెళ్లి ఉండాలి. రెండూ కలిసిన ప్రాజెక్టయితే మీ చదువు ఎటువైపు గట్టిదో అటే పెట్టి, రెండోదాని అవసరం ప్రతిపాదనలో చెప్పండి.

అసలు కష్టమంతా ఈ ప్రతిపాదన దగ్గరే. 1000 పదాలు దాటకూడదు. "మధ్యయుగ శిల్పంలో మాతృమూర్తి" లాంటి పెద్ద అంశం జోలికి పోకండి. ఒక్క విగ్రహాన్ని పట్టుకోండి. ఉదాహరణకు మెట్‌లో ఫ్రాన్స్‌లోని ఓవెర్న్ ప్రాంతపు మరియమ్మ, బాలయేసు విగ్రహం ఉంది. 12వ శతాబ్దం చివరిది. వాల్‌నట్ చెక్క, నారబట్ట, సీసపు తెలుపు పూత, ఆపైన రంగులు. కొండపల్లి బొమ్మ తయారీ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: పొణికి చెక్కకు చింతగింజల జిగురు, సున్నం, ఆ తర్వాతే రంగు. ఇలాంటి పాత విగ్రహం మీద కనిపించే రంగు ఏ కాలానిది? మళ్లీ వేసి ఉంటే ఎందుకు వేశారు? మొదటిది మైక్రోస్కోప్ కింద తేలాలి, రెండోదానికి చర్చి రికార్డులు తిరగేయాలి. రెండు శాస్త్రాలూ కలిస్తే తప్ప తెగని ఇలాంటి ప్రశ్న మీ ప్రతిపాదనలో ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఏ నెలలో ఏ పని చేస్తారో కూడా రాయండి.

దీంతోపాటు సీవీ, చదవాల్సిన పుస్తకాల జాబితా, డిగ్రీ, పీజీ మార్కుల రికార్డులు, మూడు సిఫార్సు లేఖలు కావాలి. లేఖల్లో కనీసం ఒకటి చదువు చెప్పినవారిది, ఒకటి మీతో పనిచేసినవారిది అయి ఉండాలి. వాటిని వాళ్లే నేరుగా అప్‌లోడ్ చేస్తారు, అందుకని నెలన్నర ముందే అడగండి. యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్, అంటే ఆ మార్కుల రికార్డు రావడానికి వారాలు పట్టొచ్చు, ఆ అర్జీ అన్నిటికంటే ముందు పెట్టండి.

గడువు తేదీ, సమయం ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి. అది న్యూయార్క్ టైమ్. చలికాలంలో అక్కడ సాయంత్రం 5 అయితే మనకు మర్నాడు తెల్లవారుజామున 3.30. ఆ రాత్రి టెన్షన్ పడకుండా రెండు రోజుల ముందే సబ్‌మిట్ చేసేయండి.