సినిమా ప్రాప్స్ (సీన్లో నటులు వాడే వస్తువులు) నేర్చుకుందాం – పాఠం 3: ఒక ఉత్తరం, ఒక టీ గ్లాసు

పోయిన పాఠంలో స్క్రిప్ట్ చదివి ఏ సీన్లో ఎవరి చేతికి ఏం కావాలో లిస్ట్ రాసుకున్నాం కదా, ఈసారి ఒక్క సీనే పట్టుకుందాం. 1968, భీమిలి బీచ్, తండ్రి, కూతురు రాసిన ఇన్‌లాండ్ లెటర్ (మడిచి అంటించి పోస్ట్ చేసే ఉత్తరం) చింపి చదువుతాడు, మడిచి జేబులో పెట్టుకుంటాడు, టీ తాగుతాడు. డైలాగే లేదు, కానీ మనకి మాత్రం బోలెడు పని.

ముందు అడ్రస్ చూడండి. పిన్ కోడ్ వచ్చిందే 1972 ఆగస్టు 15న, కాబట్టి ఈ ఉత్తరం మీద పిన్ నంబర్ ఏదీ కనపడకూడదు. ఇప్పటి ఇన్‌లాండ్ మీద పిన్ కోసం గళ్లు ఉంటాయి, అది కొనుక్కొచ్చి ఇచ్చేస్తే కుదరదు, ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌తో పాతకాలం డిజైన్ ప్రింట్ చేయించుకోవాలి. అలాగే కథ 2010లో అయితే అనకాపల్లి జిల్లా అని రాయకూడదు, ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. లోపల కూడా పిచ్చి గీతలు గీసి ఇవ్వకండి ప్లీజ్, కూతురు నిజంగా ఏం రాసుంటుందో అది మొత్తం రాయించండి, చదవడానికి మాటలుంటేనే నటుడి కళ్లు లైన్ వెంట లైన్ కదుల్తాయి, క్లోజప్‌లో ఆ తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, కాపీలు. చింపే వస్తువు కాబట్టి టేక్‌కి ఒకటి పోతుంది, నేనైతే పదికి తక్కువ పెట్టుకోను. అంటించినవి ఒక కవర్లో, చింపినవి ఒక కవర్లో, మడతపడి నలిగినవి ఇంకో కవర్లో, పైన సీన్ నంబర్ రాసి. డైరెక్టర్ ఓకే అన్న టేక్‌లో చిరిగిన ఉత్తరం ఉంది చూశారా, అది బంగారం, దాన్ని వెంటనే పక్కన దాచేయండి, ఎందుకంటే తర్వాత తీసే క్లోజప్‌కి మిగతా కాపీల్ని దాన్ని చూసే చింపాలి, అదే మూల, అదే వంకర.

మన విశాఖలో సముద్రపు గాలికి కాగితం మెత్తబడిపోతుంది, ఇంకు పెన్నుతో రాసింది అలుక్కుపోతుంది కూడా, అందుకే వాడే ముందు వరకు జిప్ కవర్లోనే ఉంచండి. సౌండ్ వాళ్లు కాగితం గరగరలాడుతోంది అంటే మాత్రం ఆ తేమే మనకి సాయం, కాసేపు బయట పెడితే చప్పుడు తగ్గుతుంది.

టీ సంగతి చిన్నదే. గ్లాసుకి కెమెరా చూడని వైపు సన్నగా గుర్తు పెట్టి ప్రతి టేక్‌కీ అక్కడిదాకే పొయ్యండి, నటుడికి షుగర్ ఉందేమో ముందే అడగండి, పది టేకులంటే పది సార్లు తాగాలి పాపం.

ఇంకోటి, కట్ అనగానే ముందు ఫోటో, తర్వాతే వస్తువు వెనక్కి తీసుకోవడం. ఉత్తరం ఏ జేబులో ఉంది, ఎంత బయటికి కనపడుతోంది, గ్లాసు ఏ చేతిలో ఉంది, అన్నీ ఫోటోలో రావాలి. తీసుకున్నాక మీ డబ్బాలోకే, లంచ్ బ్రేక్‌లో ఆయన జేబులో వదిలేస్తే కాస్ట్యూమ్‌తో పాటు ఇస్త్రీకి వెళ్లిపోతుంది.

ఈ వారం హోంవర్క్: ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి ఇదే సీన్ ఫోన్‌లో మూడు టేకులు తీయండి, మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో రాయండి. పాఠం 4లో కత్తులు, డమ్మీ తుపాకులు.