పానకం తేడా కొట్టిందా? సమస్య - పరిష్కారం

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ఉగాది పచ్చడి, నవమి నాడు పానకం, నీరు మజ్జిగ. ఇంట్లో నలుగురికి చక్కగా కుదిరేవే, పందిట్లో యాభై మందికి కలిపేసరికి తేడా కొడతాయి. చాలాసార్లు తప్పు కొలతలో ఉండదు, ఏది ముందు వేశాం, ఏది వెనక వేశాం అన్నదాంట్లో ఉంటుంది.

యాభై మందికి, మనిషికి 150 మి.లీ. గ్లాసు చొప్పున పానకం కొలత ఇది: నీళ్లు 8 లీటర్లు, బెల్లం 1.4 కిలోలు, మిరియాల పొడి 4 చెంచాలు, శొంఠి పొడి 2 చెంచాలు, ఏలకులు 30, నిమ్మకాయలు 4, గుప్పెడు తులసి ఆకులు. రెండో గ్లాసు అడిగేవాళ్లకు కూడా కొంత మిగులుతుంది.

గ్లాసు అడుగున ఇసుక తగులుతోంది

బెల్లం ఎంత మంచిదైనా మట్టి, చెరకు పీచు, నలకలు కొంత ఉంటాయి. టీ వడకట్టే జల్లెడలో పీచు ఆగుతుంది గానీ సన్నని ఇసుక ఆగదు. బెల్లాన్ని చితక్కొట్టి 3 లీటర్ల నీళ్లలో అరగంట నాననివ్వండి. పూర్తిగా కరిగాక కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఆ తర్వాత పలచటి నూలు గుడ్డను రెండు మడతలు వేసి, పైనుంచి మెల్లగా వంచుతూ వడకట్టండి. చివరి గ్లాసెడు మడ్డిని వదిలేయాలి, దానికోసం ఆశపడితే చేసిన పనంతా వృథా. మిగతా 5 లీటర్ల నీళ్లు ఆ తర్వాతే కలపండి.

పొడులన్నీ వేసేశాక ఇసుక సంగతి తెలిసిందా? అప్పుడు గుడ్డలో పోయకండి, ఘాటంతా గుడ్డలోనే ఉండిపోతుంది. పావుగంట తేరనిచ్చి పై పానకాన్ని వేరే గిన్నెలోకి వంచుకుని, తగ్గిన మిరియం, శొంఠి కొద్దిగా మళ్లీ వేసుకోండి.

మిరియాల పొడి పైన తేలుతోంది, మొదటి గ్లాసులు మంట, చివరివి చప్పన

మిరియంలో నూనె గుణం ఉంటుంది. పొడిని నేరుగా చల్లితే తడవకుండా తెట్టులా తేలుతుంది. పొడులన్నిటినీ ఒక గిన్నెలో వేసి, నాలుగు చెంచాల చిక్కటి బెల్లం నీళ్లతో ముద్దగా కలిపి, ఆ ముద్దను పానకంలో జారవిడవండి. మిరియాలను అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచితే వాసన బాగుంటుంది, మెత్తటి పొడి గొంతులో పట్టేస్తుంది. పోసే ప్రతిసారీ గరిట అడుగుదాకా తిప్పాలి.

పొద్దున బాగుంది, మధ్యాహ్నానికి గొంతు మండుతోంది

శొంఠి, మిరియం నానేకొద్దీ ఘాటు దిగుతుంది. అందుకే పొడులు పంచే ముందు అరగంటలోపే వేయాలి. ఇప్పటికే మండుతుంటే ఉత్త నీళ్లు పోయకండి, తీపి పలచబడుతుంది. లీటరుకు 175 గ్రాముల లెక్కన వట్టి బెల్లం నీళ్లు కలపండి.

రుచి చూసినప్పుడు సరిపోయింది, చల్లబడ్డాక తీపి లేదు

చల్లదనానికి నాలుక తీపిని తక్కువగా పట్టుకుంటుంది. పైగా ఐసు కరిగి నీరవుతుంది. ఐసు వేసేట్టయితే లీటరుకు 200 గ్రాముల బెల్లం వేయండి. అంతకంటే కుండే మేలు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లతో నింపి ఉంచి, ఆ నీళ్లు పారబోశాక వాడితే మట్టి వాసన పానకానికి పట్టదు.

ఉప్పగా ఉంది

చౌడు నేలలో పండిన చెరకు బెల్లానికి ఈ గుణం ఉంటుంది. ఇంకాస్త బెల్లం వేస్తే ఉప్పూ పెరుగుతుంది. కొనేటప్పుడే చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి. పసుపు పచ్చగా మెరిసే బెల్లానికి రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండే అవకాశం ఎక్కువ, ముదురు రంగుదే ఎంచుకోండి. ఇంటికొచ్చిన ఉప్పు బెల్లాన్ని ఉగాది పచ్చడికి ఉంచి, అందులో వేసే ఉప్పు తగ్గించుకోవచ్చు.

చేదు, నాలుక మొద్దుబారినట్టుంది

వాసన కోసం కొందరు వేసే పచ్చ కర్పూరం ఎక్కువైంది. 8 లీటర్లకు బియ్యపు గింజంత చాలు, అదీ చెంచా పంచదారతో నూరి వేయాలి, లేకపోతే ఒకే గ్లాసులోకి పోతుంది. ఎక్కువైతే తీసే దారి లేదు, పారబోయాల్సిందే. హారతి కర్పూరం మాత్రం ఎప్పుడూ వేయకూడదు, అది విషం. పసిపిల్లలు తాగే పానకంలో ఏ కర్పూరమూ వద్దు.

పుల్లటి వాసన, పైన నురగ

రాత్రే కలిపి ఎండాకాలపు వేడికి బయట ఉంచితే బెల్లం నీళ్లు పులుస్తాయి. దీన్ని బాగుచేయలేం, పారబోయండి. ముందురోజే పని తెముల్చుకోవాలంటే కిలో బెల్లానికి లీటరు నీళ్లు పోసి కరిగించి, వడకట్టి, పది నిమిషాలు మరిగించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున నీళ్లు, ఆపైన పొడులు, అన్నిటికంటే చివర నిమ్మరసం, తులసి.

చిలుము రుచి వస్తే అది బిందె తప్పు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిమ్మరసం, చింతపండు పులుసు నిలవకూడదు. అలా నిలిచినదాన్ని ఎవరికీ పోయకండి.

ఉగాది పచ్చడి: చేదు తప్ప మరేమీ తెలియడం లేదు

తెలంగాణలో కుండలో పలచగా కలిపి గ్లాసులతో తాగే పచ్చడికి లీటరు నీళ్లు, 50 గ్రాముల చింతపండు, 175 గ్రాముల బెల్లం, అర కప్పు సన్నటి మామిడి ముక్కలు, అర చెంచా ఉప్పు, రెండు చెంచాల వేప పువ్వు సరిపోతాయి. చేదు మీరిందంటే కాడలు, పిందెలు కలిసిపోయి ఉంటాయి, లేదా పువ్వు గంటలకొద్దీ నాని ఉంటుంది. పువ్వును అరచేతుల్లో మెల్లగా నలిపి చాటలో చెరగండి, రేకులు విడిపోతాయి. నైవేద్యానికి ముందు వేస్తే చాలు. అమెరికాలో చలి ప్రాంతాల్లో తాజా పువ్వు దొరకదు. ఇండియన్ షాపుల్లో దొరికే ఎండు పువ్వు ఎక్కువ చేదు కాబట్టి సగమే వేయండి.

పుట్నాల పొడి వేసేవాళ్లు లీటరుకు రెండు చెంచాలు దాటకూడదు. కాసేపటికి అది ఉబ్బి అడుగున చిక్కబడుతుంది.

నీరు మజ్జిగ పులిసిపోయింది

పెరుగు రాత్రంతా బయట ఉండిపోయినందువల్ల ఇలా అవుతుంది. పంచదార వేసి పులుపు కప్పాలని చూడకండి. చిలికిన మజ్జిగలో నీళ్లు ఎక్కువగా పోసి గంటసేపు కదపకుండా ఉంచితే పైన తేట నిలుస్తుంది. పులుపు చాలావరకు ఆ తేటలోనే ఉంటుంది. దాన్ని వంపేసి, అన్నే చల్లటి నీళ్లు పోసి మళ్లీ చిలకండి. ఉప్పు, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దాని తర్వాతే వేయాలి. ముందే వేస్తే అవి కూడా తేటతో పాటే పోతాయి.