తేదీ తప్పితే సైట్లు తెరుచుకోవు: సీమాస్ బ్యాటరీ మార్పు

పాత డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అంటోంది. చాలామంది వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయిస్తారు. దండగ. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి. కంప్యూటర్ తేదీ ఆ గడువులో లేకపోతే బ్రౌజర్ ఒప్పుకోదు. ఆ తేదీని లెక్కపెట్టే గడియారం మదర్‌బోర్డు మీద ఉంటుంది. కరెంటు తీసేశాక దాన్ని నడిపేది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. దాన్నే సీమాస్ బ్యాటరీ అంటారు.

ముందు తేదీ సరిచేసి రీస్టార్ట్ చేశాను, నిలిచింది. ప్లగ్ పీకి గంట ఆగితే పోయింది. అంటే బ్యాటరీయే. (తేడా సరిగ్గా 5:30 గంటలైతే బ్యాటరీని అనుమానించకండి. టైమ్ జోన్ చూడండి, లేదా విండోస్ పక్కనే లినక్స్ (మరో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసి ఉందేమో చూడండి. అది బోర్డు గడియారంలో యూటీసీ (మన సమయం కంటే 5:30 గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది.)

విప్పే ముందు బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామ్) తెరల ఫొటోలు తీయాలి. బ్యాటరీ తీస్తే సెట్టింగులు చెరిగిపోవచ్చు. సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారిందంటే విండోస్ నీలి తెర దగ్గరే ఆగుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే రికవరీ కీ చేతిలో ఉండాలి.

ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, కేసు ఇనుమును తాకాక పక్కనున్న క్లిప్పు జరిపితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తది సీఆర్2032, ప్లస్ వైపు పైకి. సీఆర్2025 కొనకండి, 0.7 మి.మీ. పలచన, వదులుగా కూర్చుంటుంది. తర్వాత బయోస్‌లో తేదీ, సాటా మోడ్, బూట్ మోడ్ (విండోస్ మొదలయ్యే పద్ధతి) ఫొటోల ప్రకారం పెట్టాలి.