పాత కాలనీలో చిన్న ఫ్లాటా, ఊరి చివర పెద్ద ఫ్లాటా? కొనేముందు ఇలా తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఇల్లు వెతికే మధ్యతరగతి వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతారు. ఒకవైపు కేపీహెచ్‌బీలోనో చందానగర్‌లోనో పదిహేనేళ్ళ నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. ఇంకోవైపు అంతకంటే తక్కువ డబ్బుకి మల్లంపేటలోనో బీరంగూడ అవతలో కొత్త ట్రిపుల్ బెడ్‌రూమ్. తూర్పువైపు వాళ్ళకి హబ్సిగూడా, పోచారమా అని, అటు సాగర్ రోడ్డు వాళ్ళకి వనస్థలిపురమా, తుర్కయంజాలా అని. ఎవరిని అడిగినా తాము ఉన్న ఏరియానే బాగుందంటారు, బ్రోకర్‌ని అడిగితే తన చేతిలో ఉన్నది బాగుందంటాడు, అందుకే ఈ విషయం మీ అంతట మీరే తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు రేటు సంగతి పక్కన పెట్టి మీ ఇంట్లో బండి నడపనివాళ్ళు ఎవరో చూడండి. ఫ్లాటు సెలెక్ట్ చేసేది మామూలుగా ఉద్యోగం చేసే మనిషే, కానీ ఆ మనిషి ఇంట్లో ఉండేది రాత్రిపూట, ఆదివారాలు. పగలంతా ఆ ఏరియాలో బతికేది అమ్మో, అత్తగారో, చిన్నపిల్లల తల్లో, స్కూలు నుంచి వచ్చి ట్యూషన్‌కి పోవాల్సిన పదో తరగతి పిల్లో. పాత కాలనీలో అమ్మకి బీపీ మాత్రలు అయిపోతే తనే చెప్పులేసుకుని వీధి చివర మెడికల్ షాపుకి వెళ్ళి తెచ్చుకుంటుంది, దారిలో కొత్తిమీర కట్ట కొంటుంది, గుడి అరుగు మీద పదినిమిషాలు కూర్చుంటుంది. అదే అమ్మ కొత్త ఏరియాలో, కంకర రోడ్డు పక్క తొమ్మిదో అంతస్తులో ఉంటే ప్రతి చిన్నదానికీ కొడుకు వచ్చేదాకా ఆగాలి. ఆటో పిలిస్తే రాదు, వచ్చినా గేటు దాకా రానంటాడు. కాబట్టి ఆ మనిషిని వెంటబెట్టుకుని ఫ్లాటు చూడటానికి వెళ్ళండి, గేటు దగ్గర దింపి, పాలు, కూరలు, మాత్రలు, ఒక డాక్టరు, ఒక బస్సు, ఈ ఐదూ నడిచి చేరుకునే దూరంలో ఉన్నాయేమో చూడమనండి. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహిదీపట్నం, వనస్థలిపురం లాంటి చోట్ల రైతు బజారు దగ్గరలో ఉండటం ఎంత సుఖమో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. ఇంట్లో అందరూ బండి నడిపేవాళ్ళే, పిల్లలు ఇంకా లేరు, ఆఫీసు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) వైపే అంటే మాత్రం ఈ పరీక్షకి అంత బరువు ఇవ్వక్కర్లేదు.

ఇక డబ్బు లెక్క. పాతది 80 లక్షలు, కొత్తది 60 లక్షలు అనుకుందాం. తేడా 20 లక్షలు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ లోన్ అయితే 10 లక్షలకి ఈఎంఐ సుమారు 8,680 రూపాయలు, అంటే 20 లక్షలకి నెలకి 17,350 దాకా. కొత్త ఏరియాలో ఉండటానికి నెలనెలా అయ్యే అదనపు ఖర్చుని ఈ 17 వేలతో పోల్చాలి, 20 లక్షలతో కాదు. ఆఫీసు ఒకవైపుకి 15 కిలోమీటర్లు ఎక్కువైతే నెలకి 22 రోజులకి 660 కిలోమీటర్లు, లీటరుకి 15 ఇచ్చే కారైతే 44 లీటర్లు, పెట్రోలు లీటరు 107 అనుకుంటే 4,700 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ వేర్వేరుగా వెళ్తే అది రెట్టింపు. దాని మీద ఓఆర్‌ఆర్ టోలు, స్కూలు బస్సు, ఇప్పటిదాకా అవసరం లేని రెండో బండి, వేసవిలో ట్యాంకర్లు. ఇవి కాక దారిలో పోయే టైమ్ ఉంది, పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట ఎక్కువైతే నెలకి 33 గంటలు. ఇవన్నీ వేశాక కూడా కొత్తదే చవక అని తేలితే ధైర్యంగా తీసుకోండి, చాలామందికి తేలుతుంది కూడా, ముఖ్యంగా వారానికి రెండుమూడు రోజులే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి.

చేతిలో ఉండాల్సిన డబ్బు వేరే లెక్క. లోన్ 30 నుంచి 75 లక్షల మధ్యలో ఉంటే రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో ఇంచుమించు ఏడున్నర శాతం, అది మన జేబులోంచే. కట్టడం పూర్తికాని ఫ్లాటుకి 5 శాతం జీఎస్టీ ఉంటుంది (45 లక్షల లోపు చిన్న ఫ్లాటుకి 1 శాతం), ఓసీ (కట్టడం పూర్తై, జనం ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చేసిన ఫ్లాటుకీ, సెకండ్ హ్యాండ్ ఫ్లాటుకీ జీఎస్టీ లేదు. అంటే పైన చెప్పిన 60 లక్షల కొత్త ఫ్లాటు ఇంకా కడుతుంటే అక్కడికక్కడే 63 అయింది, ఆ పైన పార్కింగ్, క్లబ్ హౌస్, కార్పస్ ఫండ్ విడివిడిగా రాస్తారు. కొటేషన్ అంతా కలిపి ఒకే కాగితం మీద రాయించుకోండి. పాత బిల్డింగుల్లో దీనికి ఉల్టా ఇబ్బంది ఉంది: బిల్డింగు వయసు చూసి బ్యాంకు విలువ తక్కువ కడుతుంది, లోన్ గడువు తగ్గించొచ్చు, అప్పుడు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ క్యాష్ సర్దుకోవాల్సి వస్తుంది. బేరం మొదలుపెట్టకముందే ఆ బిల్డింగుకి ఎంత లోన్ వస్తుందో బ్యాంకులో అడగండి.

కొత్త ఏరియా గురించి నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్ నీళ్ళు. పాత కాలనీల్లో మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో రోజు మార్చి రోజైనా వస్తాయి, జలమండలి ఇంటికి నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది. కొత్త చోట చాలావరకు బోరే ఆధారం. బిల్డర్ 'మంజీరా కనెక్షన్ వచ్చేస్తుంది సార్' అంటే సరేనని, ఆ బిల్డింగు క్యాన్ నంబర్ (జలమండలి కనెక్షన్ నంబర్) చెప్పమనండి, పోయిన నెల నీటి బిల్లు చూపించమనండి. నంబర్ లేదంటే కనెక్షన్ లేనట్టే. తర్వాత అసోసియేషన్ దగ్గరికి వెళ్ళి ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్కలు అడగండి, అందులో ట్యాంకర్ల పద్దు ఎంతుందో చూస్తే మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్కలు ఇవ్వకపోతే సంప్ దగ్గరికి నడవండి. మూత చుట్టూ నేల తడిగా ఉండి, గేటు నుంచి అక్కడిదాకా పేవర్ టైల్స్ రెండు గీతల్లా కుంగిపోయి ఉంటే, లోడుతో ట్యాంకర్లు రోజూ తిరుగుతున్నాయన్నమాట. వాచ్‌మన్ భార్యని అడగండి, నీళ్ళు ఎన్ని గంటలకి వస్తాయో, ఎప్పుడు ఆగిపోతాయో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఏ ఏరియా అయినా కనీసం మూడు వేళల్లో చూడాలి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఆ గేటు నుంచి మీ ఆఫీసు దాకా నిజంగా వెళ్ళి చూడండి, మ్యాప్‌లో ఆదివారం చూసిన టైమ్ దేనికీ పనికిరాదు. రాత్రి పది తర్వాత ఇంకోసారి వెళ్ళండి. బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల రాత్రిళ్ళు ఫ్యాక్టరీల కెమికల్ వాసన గురించి, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు దమ్మాయిగూడ, నాగారంలో గాలి తిరిగినప్పుడు వచ్చే కంపు గురించి అక్కడివాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. పగటిపూట సైట్ విజిట్‌లో ఇది తెలియదు. మూడోసారి, మంచి వాన పడ్డ మర్నాడు.

వాన అన్నాను కాబట్టి చెరువుల సంగతి కూడా. 2016 సెప్టెంబర్ వానలకి నిజాంపేటలో భండారీ లేఅవుట్ అపార్ట్‌మెంట్లు నీళ్ళ మధ్య నిలబడ్డాయి. 2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్ చెరువు కింద ఎప్పటినుంచో ఉన్న కాలనీలు మునిగాయి. కాబట్టి పాతదైతే మునగదు అనే గ్యారంటీ ఏమీ లేదు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి అదే స్థలం ఇరవై ఏళ్ళ కిందట ఎలా ఉందో చూడండి, పాత శాటిలైట్ ఫొటోలు అందులో ఉంటాయి. ఇప్పుడు లేఅవుట్ ఉన్నచోట అప్పట్లో నీళ్ళు కనిపిస్తే ఆ ఫ్లాటు అక్కడితో వదిలేయండి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు) మ్యాపులు ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే అక్కడ కట్టడానికి వీల్లేదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇది కాగితం మీది రూలు కాదని, జేసీబీ వస్తుందని అందరూ చూశారు.

కాగితాల్లో కొత్త ఏరియాకి ఎక్కువ జాగ్రత్త కావాలి. 500 చదరపు మీటర్లకి మించిన స్థలం గానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గానీ ఉంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది లేకుండా ప్రీ లాంచ్ పేరుతో అమ్మడం చట్టవిరుద్ధం, ఎంత తక్కువకి ఇస్తామన్నా దాని జోలికి వెళ్ళొద్దు. రెరా ఉన్నా, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. ఆ సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. గ్రామ పంచాయతీ పర్మిషన్‌తో నాలుగైదు అంతస్తులు లేపినవి శివార్లలో ఇంకా అమ్ముతున్నారు, అవి ఎంత చవకైనా వద్దు.

పాత బిల్డింగుకైతే ముప్పై ఏళ్ళ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపించాక, శాంక్షన్ ప్లాన్ తెప్పించి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లాన్‌లో నాలుగుండి కట్టినవి ఐదైతే, మీరు చూస్తున్నది ఆ ఐదోదైతే, వెనక్కి వచ్చేయండి. బాత్రూమ్ పైకప్పు, టాప్ ఫ్లోర్ అయితే స్లాబు, తడి మచ్చలున్నాయేమో చూడండి, కొత్తగా పెయింట్ వేసిన ఒక్క గోడ ఉంటే దాన్నే ఎక్కువసేపు చూడండి. పార్కింగ్ సేల్ డీడ్‌లో ఉందా, నోటిమాటా? అసోసియేషన్ ఉందా, లిఫ్టు మార్చాల్సివస్తే డబ్బు కట్టని ఫ్లాట్లు ఎన్ని? ఇవి విసుగు పుట్టించే ప్రశ్నలే కానీ పాత బిల్డింగుతో వచ్చే గొడవలన్నీ వీటిలోంచే పుడతాయి. వీటికి బదులుగా పాత ఫ్లాటులో ఒక పెద్ద లాభం ఉంది, స్థలంలో మీ వాటా, అంటే యూడీఎస్. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్లో ఒక ఫ్లాటుకి వచ్చే గజాలు, ముప్పై అంతస్తుల టవర్లో అంతే సైజు ఫ్లాటుకి రావు. రేపు పడగొట్టి కట్టినా, అమ్మినా విలువ ఆ గజాలదే కాబట్టి రెండు సేల్ డీడ్‌లలోనూ ఆ అంకె పక్కపక్కన పెట్టి చూడండి.

రాబోయేవాటి గురించి ఒకే మాట. బ్రోచర్‌లో ఉన్న మెట్రో, వంద అడుగుల రోడ్డు, ఐటీ పార్కు వీటికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది, మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా వెళ్ళాల్సిన లైను 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. ఆ లైను నమ్ముకుని కొన్నవాళ్ళకి పిల్లలు పెద్దవాళ్ళైపోయారు.

తేల్చుకోలేకపోతే కొత్త ఏరియాలో ముందు అద్దెకి దిగండి. 60 లక్షల ఫ్లాటుకి ఇక్కడ అద్దె మామూలుగా 15 నుంచి 18 వేలు, అదే కొంటే 48 లక్షల లోన్ మీద ఈఎంఐ 41 వేలు దాటుతుంది. మార్చిలో దిగితే పదకొండు నెలల అగ్రిమెంట్‌లోనే ఎండాకాలం నీళ్ళు, వానాకాలం రోడ్లు, స్కూలు బస్సు టైమింగులు అన్నీ బయటపడతాయి. ఇల్లు మారే శ్రమ ఉంటుంది, అడ్వాన్సు, ప్యాకర్స్ ఖర్చు ఉంటుంది. ఇరవై ఏళ్ళ లోన్ పక్కన అది పెద్ద ఖర్చేమీ కాదు.

నన్నడిగితే ఇంట్లో పెద్దవాళ్ళో, స్కూలు పిల్లలో ఉంటే ఒక గది తక్కువైనా పాత కాలనీకే వెళ్ళమంటాను. కొత్త ఏరియానే అనుకుంటే మాత్రం బిల్డర్ దగ్గర కాకుండా అక్కడే ఐదారేళ్ళ కిందట కట్టిన సెకండ్ హ్యాండ్ ఫ్లాటు వెతకండి. జీఎస్టీ ఉండదు, ఓసీ ఉందో లేదో ముందే తెలిసిపోతుంది, సగానికి పైగా ఫ్లాట్లలో జనం ఉంటారు, ఆ బిల్డింగు ఐదు ఎండాకాలాలు చూసేసి ఉంటుంది. పక్క ఫ్లాటు వాళ్ళ తలుపు కొట్టి 'మే నెలలో నీళ్ళు ఎలా ఉంటాయండీ' అని అడిగితే వాళ్ళకి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. వాళ్ళతో మాట్లాడేదాకా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వొద్దు.