గ్రీసు దీవుల్లో తెరచాప పడవ: చిక్కులు, కారణాలు, విరుగుళ్లు

గ్రీసులో తెరచాప పడవను వారానికి అద్దెకు తీసుకున్నవారికి చిక్కులు బయటపడేది సముద్రం మీదే. వాటిలో కొన్ని పుట్టేది మాత్రం ఇంట్లో కూర్చుని బుక్ చేసిన రోజునే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

డబ్బు కట్టాం, కానీ పడవ చేతికి ఇవ్వడం లేదు

స్కిప్పర్ (పడవ నడిపే నిపుణుడు) లేకుండా పడవ తీసుకోవడాన్ని బేర్‌బోట్ అంటారు. దానికి బృందంలో ఒకరి దగ్గర గుర్తింపున్న సెయిలింగ్ సర్టిఫికెట్ ఉండాలి. సాయం చేయడానికి అనుభవమున్న రెండో మనిషి కూడా ఉండాలి. ఐసీసీ (పడవ నడపడానికి ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్), బ్రిటన్ సంస్థ ఆర్‌వైఏ ఇచ్చే డే స్కిప్పర్ లాంటివి చెల్లుతాయి. "చిన్నప్పటి నుంచి ఈత వచ్చు" అన్నది చెల్లదు. అడ్వాన్సు కట్టకముందే సర్టిఫికెట్ కాపీ పంపి, సరిపోతుందని కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. సర్టిఫికెట్ లేకపోతే స్కిప్పర్‌ను పెట్టుకోవాలి. ఆయన రోజు కూలీతో పాటు భోజనం మీదే, పడక కూడా మీరే ఇవ్వాలి. నాలుగు క్యాబిన్ల పడవను నాలుగు జంటలు తీసుకుంటే ఆయన పడుకునేది హాలు సోఫా మీదే. రోజంతా మీ ప్రాణాలు చూసుకునే మనిషికి నిద్ర లేకుండా చేయడం తెలివైన పొదుపు కాదు.

ఎదురుగా టర్కీ తీరం కనిపిస్తోంది, వెళ్లకూడదంటున్నారు

కోస్ దీవి నుంచి బోద్రుమ్ కంటికి ఆనేంత దగ్గర. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు మాత్రం ఆ సముద్ర సరిహద్దు దాటితే షెంగెన్ ప్రాంతం (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహం) నుంచి బయటికి వెళ్లినట్టే. ఒకసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే తిరిగి రాలేరు. టర్కీకి వెళ్లాలనుకుంటే పలుమార్లు ప్రవేశించే షెంగెన్ వీసా, టర్కీ వీసా, పడవ కంపెనీ అనుమతి మూడూ ముందే ఉండాలి. ఏదైనా ఒకటి లేకపోతే గ్రీకు జలాల్లోనే ఉండిపోండి, చూడటానికి దీవులకు కొదవ లేదు.

వారం గడిచిపోయింది, అనుకున్న దీవుల్లో సగం కూడా చూడలేదు

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఏథెన్స్‌లో పడవెక్కి మికొనోస్, శాంతోరిని చూసి ఏడు రోజుల్లో తిరిగి రావాలని ప్లాను వేసుకుంటారు. ఈ పడవలు గంటకు 5, 6 నాటికల్ మైళ్లు నడుస్తాయి. ఏథెన్స్ రేవైన పిరేయస్ నుంచి మికొనోస్ సుమారు 90 నాటికల్ మైళ్లు, శాంతోరిని 120కి పైనే. పైగా శనివారం సాయంత్రం అప్పగించిన పడవ శుక్రవారం సాయంత్రానికే బేస్‌కు, అంటే కంపెనీ పడవ అప్పగించిన రేవుకు చేరాలి. వారం అని పేరే గానీ మీ చేతిలో ఉండేవి ఆరు పగళ్లు.

రెండో కారణం మెల్తెమి. బాల్కన్ల మీద అధిక పీడనం, అనతోలియా వైపు అల్పపీడనం ఏర్పడటంతో జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద వీచే ఉత్తరపు గాలి అది. ఆకాశంలో మబ్బు ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం దాని బలాన్ని కొలిచే బోఫర్ట్ స్కేలుపై 6, 7 దాకా పోతుంది. 6 అంటే గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు. మొదలైతే రోజుల తరబడి ఆగకపోవచ్చు. దక్షిణానికి వెళ్లేటప్పుడు ఆ గాలే వీపు తట్టి పంపుతుంది. తిరుగు ప్రయాణంలో అదే ముఖం మీద కొడుతుంది. గాలి బాగా ముదిరితే రేవు అధికారులు పడవలను కదలనివ్వరు.

మొదటిసారి వెళ్లేవారు ఏథెన్స్ పక్కనే ఉన్న సరోనిక్ గల్ఫ్‌ను ఎంచుకోవడమే దీనికి సరైన మందు. అలిమోస్ మరీనా నుంచి ఎగీనా, పోరోస్, హైద్రా, ఎపిదౌరోస్ చుట్టి రావచ్చు. ఒక్కో మజిలీకి ప్రయాణం నాలుగైదు గంటలకు మించదు, భూమి అడ్డు ఉండటంతో గాలి తీవ్రత కూడా తక్కువ. లేదంటే పశ్చిమాన అయోనియన్ సముద్రం ఉంది. లెఫ్కాద నుంచి బయలుదేరితే ఇథాకా, కెఫలోనియా తిరగవచ్చు. అక్కడ గాలి ఎక్కువగా మధ్యాహ్నం లేచి సాయంత్రానికి పడిపోతుంది. మికొనోస్, శాంతోరిని ఉన్న సైక్లేడ్స్ దీవులే కావాలంటే జూన్‌లోనో సెప్టెంబరులోనో, రెండు వారాలు పెట్టుకుని వెళ్లండి. శాంతోరినికి ఫెర్రీలో వెళ్లడమే మేలు. ఆ అగ్నిపర్వత గుంటలో లోతు ఎంతంటే లంగరుకు నేల అందే చోటు దొరకడమే కష్టం.

కడుపులో తిప్పుతోంది

అలల మీద పడవ ఊగుతుంటే కింద వంటగదిలో పోపు పెట్టడమే తరచూ దీనికి కారణం. మాత్ర డాక్టరును అడిగి బయలుదేరక ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే నిలవదు. బాధపడేవారిని పైకి తెచ్చి దిగంతం వైపు చూడమనండి, కుదిరితే చుక్కాని చేతికివ్వండి. ఉప్మా, పులిహోర లాంటివి రేవులో ఉండగానే చేసుకుంటే దారిలో పొయ్యి వెలిగించే పని ఉండదు.

రాత్రి పడవ జరిగిపోతోంది

లంగరు గడ్డి మీద పడి ఉంటుంది, లేదా గొలుసు చాలక పోయి ఉంటుంది. నీటి అడుగున నల్లగా కనిపించేది పొసిడోనియా గడ్డి. దానిలో లంగరు దిగబడదు, పైగా ఆ గడ్డిని పెరకడం తప్పు కూడా. లేత రంగులో మెరిసే ఇసుక చోటు చూసుకుని వేయండి. లోతుకు కనీసం అయిదు రెట్ల గొలుసు వదలాలి, గాలి ఉంటే ఇంకా ఎక్కువ. వదిలాక ఇంజిన్‌ను రివర్స్‌లో నడిపి లాగి చూడండి. ఒడ్డున ఒకే వరసలో కనిపించే రెండు గుర్తులు పెట్టుకుంటే పడవ జరిగిందీ లేనిదీ ఎవరైనా చెప్పగలరు.

లంగరు పైకి రావడం లేదు

గ్రీకు రేవుల్లో పడవను గట్టుకు పక్కవాటుగా ఆనించరు. ముందు లంగరు వేసి, వెనక్కి నడిపి, వెనుక నుంచి రెండు మోకులతో గట్టుకు కడతారు. ఇరుకు రేవులో గొలుసులు ఒకదాని మీద ఒకటి పడతాయి. హైద్రా ఇందుకు పేరుమోసింది. లంగరు ఎత్తే మోటారును బలవంతంగా నడిపితే దాని కరెంటు బ్రేకర్ పడిపోతుంది. అది ఎక్కడుందో బేస్‌లోనే చూపించమనండి, చాలా పడవల్లో పరుపు కింద దాగి ఉంటుంది. లంగరు ఎత్తేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి.

పక్కవారి గొలుసు మీ లంగరుకు తగులుకుంటే రెండూ నీటి పైభాగానికి వచ్చేదాకా ఎత్తండి. వారి గొలుసు కింద నుంచి ఒక తాడు పోనిచ్చి రెండు కొసలూ మీ పడవ ముందు భాగానికి కట్టండి. ఇప్పుడు మీ లంగరును కాస్త దించితే విడిపోతుంది. పక్కకు తప్పుకున్నాక తాడు ఒక కొస వదిలేయండి. గొలుసుల మధ్య చేయి మాత్రం పెట్టవద్దు. ఆగస్టులో హైద్రా నిండిపోతే ఎదురుగా ఉన్న ఎర్మియోని వైపు వెళ్లడమే సుఖం.

టాయిలెట్ పొంగుతోంది, నీళ్లు అయిపోయాయి, ఫ్రిజ్ చల్లబడటం లేదు

మొదటిదానికి కారణం దాదాపు ఎప్పుడూ కాగితమే. గొట్టం సన్నం, కాబట్టి కాగితం బుట్టలోకే వెళ్లాలి. గ్రీసులో ఒడ్డు మీద కూడా చాలాచోట్ల ఇదే పద్ధతి. ట్యాంకు కొన్ని వందల లీటర్లదే కనుక నీళ్లు మూడో రోజుకే అయిపోవచ్చు. గట్టు మీద కొళాయి కనబడిన చోటల్లా నింపుకోండి. ఫ్రిజ్ సంగతి బ్యాటరీది: రెండు రాత్రులు లంగరు మీద గడిపితే అది నీరసించడం సహజం. గంటో రెండు గంటలో ఇంజిన్ నడపండి, లేదా గట్టు కరెంటు తగిలించండి.

ఇంజిన్ వేడెక్కి అలారం మోగుతోంది

వెనుక గొట్టంలోంచి నీరు పడుతోందో లేదో చూడండి. పడకపోతే సముద్రపు నీరు లోపలికి వచ్చే దారిలో గడ్డో ప్లాస్టిక్కో అడ్డుపడి ఉంటుంది. తెరచాప మీద ఒడ్డుకు దూరంగా జరిగి ఇంజిన్ ఆపండి. నీటి వాల్వు మూసి, వడపోత డబ్బా శుభ్రం చేసి, వాల్వు మళ్లీ తెరవండి. అయినా నీరు రాకపోతే పంపులోని రబ్బరు చక్రం అరిగి ఉంటుంది, బేస్‌కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం ఉంటే పడవలోని వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానెల్, ఫోన్లో కోస్ట్‌గార్డ్ నంబరు 108.

డిపాజిట్‌లో కోత పెట్టారు

పాత గీతలు మీ లెక్కలో పడటం వల్ల ఇలా జరుగుతుంది. పడవ అప్పగించే గంటలో అందరూ సరుకులు సర్దుకునే హడావిడిలో ఉంటారు. ఒకరు మాత్రం ఫోన్‌తో పడవ చుట్టూ తిరిగి, ఒడ్డుకు వెళ్లడానికి వెంట ఇచ్చే చిన్న పడవ అడుగు, చిరిగిన చోట్లు, లెక్కకు తక్కువైన లైఫ్ జాకెట్లు ఫొటో తీసి చెక్ లిస్టులో రాయించాలి. చివరి సాయంత్రం డీజిల్ నింపిన రసీదు కూడా దాచిపెట్టుకోండి, ట్యాంకు నిండుగా ఉందా అన్న వాదన వస్తే అదే సాక్ష్యం.